దొర ఎదురుపడితే

ఇచ్చోడ పక్కనున్న ఆ పల్లెలో సమ్మయ్య మంచివాడని నమ్మడానికి జనానికి పెద్ద రుజువులేమీ అక్కర్లేకపోయింది. ఏటా కోత పండుగ నాడు చర్చి ఆవరణలో హర్రాజు జరుగుతుంది. ఎవరి చేలో పండింది వాళ్ళు దేవుడికని తెస్తారు. గుమ్మడికాయ, సోలెడు నువ్వులు, కోడిపుంజు, చివరికి చీపురుకట్టయినా సరే. పాస్టరయ్య ప్రార్థన చేశాక ఒక్కొక్కటి పాటకు పెడతారు, వచ్చిన డబ్బు చర్చికి పోతుంది. ఆ పాటలో ఆఖరి కాయ ఎప్పుడూ సమ్మయ్యదే. అంగడిలో రూపాయికి దొరికే సొరకాయకు రెండు వందలు పాడి, దాన్ని భుజాన పెట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ ఇంటికి నడిచేవాడు. దేవుని పని మీద అంత ఖర్చు పెట్టేవాడు మన పది రూపాయలకు కక్కుర్తి పడతాడా అని అందరూ అనుకున్నారు. రిబ్కమ్మ కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తన నెత్తి తానే కొట్టుకుంది గాని, ఆ ముచ్చట ముందుంది.

రిబ్కమ్మ, తోమాసులది రెండెకరాల నల్లరేగడి. మొదట జొన్న వేసుకుని తినేవాళ్ళు. చుట్టూ అందరూ పత్తి వేస్తుంటే వీళ్ళూ వేశారు. పత్తికి విత్తనం కావాలి, ఎరువు కావాలి, పురుగుమందు కావాలి. అవన్నీ ఇచ్చోడ రోడ్డు మీద భూపాల్‌రావు దొర దుకాణంలో అప్పుకు దొరికేవి. చేతిలో పైసా లేకున్నా గుమాస్తా ముందు ఒక వేలిముద్ర వేసి దర్జాగా మందుడబ్బా చంకన పెట్టుకుని రావచ్చు. పంట వచ్చాక ఆయనకే అమ్మి లెక్క చూసుకోవాలి. మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు పచ్చపురుగు కాయలన్నీ తొలిచేసింది. మూడో ఏడు వాన మొహం చాటేసింది. దుకాణంలో బాకీకి మాత్రం ఏ పురుగూ పట్టలేదు, అది ఏపుగా పెరిగింది. భూమి పట్టా కాగితం దొర ఇనప్పెట్టెలోకి వెళ్ళి కూర్చుంది.

దొర దగ్గరికి పోయి ఒక మాట మాట్లాడుకోవచ్చు కదా అంటారు మీరు. ఆ ఊళ్ళో పుట్టలేదు కాబట్టి అంటారు. అక్కడ కూలినాలి చేసుకునే మనిషి దొర గడప ముందుకు తనంతట తాను పోయి తన బాకీ సంగతి ఎత్తడం అనేదే లేదు. మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఈ పక్క మాట ఆ పక్క చెప్పాలి, ఆ పక్క మాట ఈ పక్కకు తేవాలి. తాతల నాటి నుంచి అంతే. తోమాసుకైతే సొంత ఎద్దును అదిలించడానికే నోరు పెగలదు, ఇక దొర ముందు ఏం మాట్లాడతాడు?

అట్లాంటప్పుడు సమ్మయ్య తన లూనా బండి మీద వాళ్ళ వాకిట్లోకి వచ్చి దిగాడు. చర్చిలో లెక్కలు చూసే స్టీవార్డు, తెల్లచొక్కా మనిషి, నాలుగక్షరాలు చదివినవాడు. రిబ్కమ్మ పరుగున పోయి మంచం వాల్చింది.

"చెల్లె, నువ్వు జర ఫికర్ చెయ్యకు," అన్నాడు చల్లగా నీళ్ళు తాగి. "దొరతోని నేను మాట్లాడిన. మిత్తి బంద్ చేపిస్త. నెలనెల మీకు చేతనైనంత నా చేతుల పెట్టుర్రి, నేను చేరేస్త. కని ఒక్క ముచ్చట. మీరు మాత్రం దొరకు కండ్లవడొద్దు. మిమ్ముల సూసిండంటే ఆయనకు కోపమొస్తది, మొత్తం ఒక్కపారే కట్టుమంటడు. బజార్ల కనవడితే పక్కకు జరుగుర్రి. ఎదురువడితే దాసుకోర్రి."

ఇంత మంచి సలహా ఇచ్చిన మనిషికి ఆ రోజు కోడిని కోసి పెట్టింది రిబ్కమ్మ.

అప్పటినుంచి రెండేళ్ళు వాళ్ళు డబ్బు కట్టారు, దాక్కున్నారు. పత్తి ఏరిన కూలి, పాలమ్మిన పైసలు, మేకపిల్లను అమ్మిన పైసలు, అన్నీ సమ్మయ్య జేబులోకి వెళ్ళాయి. చేలో పండింది ఆ ఏటి విత్తనానికి, మందుకే సరిపోయేది. తోమాసు కాలు విరిగి మంచాన పడిన నెలలో ఇవ్వడానికి ఏమీ లేక రిబ్కమ్మ తన వెండి కడియాలు తీసి అమ్మింది. జీపు చప్పుడు వినబడితే చాలు, మొగుడూ పెళ్ళాలు చేలో ఎక్కడివాళ్ళక్కడ పత్తిచెట్ల మధ్య కూలబడేవాళ్ళు. అలవాటైపోయింది. రిబ్కమ్మకైతే కలలో కూడా జీపు వచ్చేది.

ఆ దాక్కోవడంలోనే ఒకటి జరిగింది. భైంసాలో ఉన్న వాళ్ళవ్వకు, కన్నతల్లికి, ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చింది. రిబ్కమ్మ ఉన్న చీర మీదే ఇచ్చోడ బస్టాండుకు ఉరికింది. నిర్మల్ బస్సు వచ్చి నిలబడి ఉంది. బస్సుకూ ఆమెకూ మధ్య, హోటలు ముందు కుర్చీ వేసుకుని, భూపాల్‌రావు చాయ్ తాగుతున్నాడు. రిబ్కమ్మ కాళ్ళు వాటంతట అవే పక్కకు తిరిగాయి. హోటలు వెనక పేర్చిన సోడా పెట్టెల చాటున కూర్చుంది. దొర చాయ్ తాగాడు, బీడీల వాడితో ముచ్చట పెట్టాడు, ఇంకో చాయ్ చెప్పాడు. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు దొరికి, నిర్మల్‌లో మారి, ఆమె భైంసా చేరేసరికి అవ్వ పడుకున్న నులక మంచం కడిగి గోడకు నిలబెట్టి ఉంది. "నిన్నే అడుగుకుంట పోయిందే," అన్నారు ఆడవాళ్ళు. ఆ మాట రిబ్కమ్మ కడుపులో అట్లాగే ఉండిపోయింది.

ఆ ఏడు పత్తి మొదటి ఏరుడు నడుస్తుండగా దొర దగ్గర పనిచేసే పర్శరాములు గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు.

"ఏరుడు అయిపోంగనే భూమి ఇడిచిపెట్టాలెనట. దొర జెప్పుమన్నడు. గిన్నేండ్లల్ల ఒక్క పైస గూడ కట్టకపోతే ఇంకేం జేస్తడు?"

తోమాసు ఏరిన పత్తి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. రిబ్కమ్మకు ముందు అర్థం కాలేదు. ఒక్క పైసా? రెండోసారి అడిగింది. పర్శరాములు రెండోసారీ అదే చెప్పాడు. అప్పుడామెకు ఒళ్ళంతా వేడెక్కింది. నడుముకు కట్టిన ఏరుడు సంచి విప్పి గట్టు మీద పడేసి, మొగుడు వెనక నుంచి పిలుస్తున్నా వినకుండా ఇచ్చోడ దారి పట్టింది. మధ్య మనిషి లేడు, ఏం లేడు. దుకాణం మెట్లెక్కి నేరుగా భూపాల్‌రావు బల్ల ముందు నిలబడింది. మొట్టమొదటిసారి ఆయన మొహం దగ్గరగా చూసింది. అద్దాలు, నెరిసిన మీసం, జలుబు చేసిన ముక్కు. ఇంతేనా అనిపించింది. ఈ ముక్కుకు భయపడా రెండేళ్ళు బురదలో కూర్చున్నాం అనుకుంది.

"మేము నెలనెల కట్టినం దొరా. సమ్మన్న చేతికిచ్చినం."

భూపాల్‌రావు అద్దాలు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు. "గా సమ్మయ్యను వసూలుకు పెట్టిందే నేను. పంట పంటకు ఆయనకు కూలి ఇస్తున్న, బండిల పెట్రోలు పోపిస్తున్న. ఆయన ఏమన్నడో ఎరుకేనా? 'వాళ్ళు ఇయ్యం పో అంటున్నరు దొరా, ఏం జేసుకుంటరో జేసుకోమంటున్నరు' అన్నడు. మీరు గూడ నన్ను సూడంగనే ఉరుకుడే. గా దినం బస్టాండు కాడ సోడా డబ్బల ఎనుక కూసున్నది నువ్వే గాదు? ఎగ్గొట్టేటోళ్ళే గట్ల దాసుకుంటరు అనుకున్న."

"సూసిన్రా దొరా?"

"సూడకేంది? చీర కొంగు కనవడ్తనే ఉండె."

రిబ్కమ్మకు ఏడుపు రాలేదు. అవ్వ మంచం గుర్తొచ్చింది. ఈయన చూస్తూనే ఉన్నాడు, తను దాక్కుంటూనే ఉంది, అక్కడ అవ్వ అడుగుతూనే ఉంది. ముగ్గురి మధ్యా కూర్చుని పైసలు లెక్కపెట్టుకున్నవాడు సమ్మయ్య. వాణ్ణి వదిలిపెట్టనని అక్కడే, ఆ మందువాసన మధ్య, మనసులో ఒట్టు పెట్టుకుంది.

"ఆయనను మీరు పెట్టిన్రు గద దొరా. ఆయన చేతిల పడ్డదంటే మీ చేతిల పడ్డట్టే. నేను కట్టినట్టే."

భూపాల్‌రావు ధర్మరాజేమీ కాదు. మిత్తికి మిత్తి, వడ్డీకి వడ్డీ గుంజే మనిషి. కానీ తన కూలి తిని, తన పెట్రోలు పోయించుకుని, తన పైసలే మింగాడన్న మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మీసం కింద నవ్వాడు.

"మాటకారివే. కని నువ్వు ఇచ్చినంటవు, ఆయన తీసుకోలే అంటడు. నేను ఎవరి మాట నమ్మాలె? ఒక పని జెయ్యి. ఆయన నోటితోని, నలుగురి ముంగట, తీసుకున్న అని అనాలె. అన్నడనుకో, గా పైసలు నేను ఆయన దగ్గర రాబట్టుకుంట, నీ బాకీల నుంచి కొట్టేస్త. అనలేదనుకో, భూమి నాది. మీ చర్చి పండుగ దాక ఆగుత."

"పండుగకు మీరే రాండ్రి దొరా. మీ చెవులతోనే ఇందురు."

ఆయనను పండుగకు పిలిచే ఆనవాయితీ ఉండేది. రెండేళ్ళుగా ఆ పిలుపు మోసుకుపోయే పని కూడా సమ్మయ్యే మీద వేసుకుని, దొరకు తీరిక లేదట అని తిరిగొచ్చి చెప్పేవాడు. అదెందుకో కూడా ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఆ రాత్రి తోమాసు అన్నం ముందు కూర్చుని, "పంచాయితి పెడ్దామా?" అన్నాడు.

"పెడితే బైబిల్ మీద చెయ్యి పెట్టి నాకు తెల్వదంటడు. గిప్పటిదాక మన పైసలు తిన్నోనికి ఒట్టు ఒక లెక్కనా? ఆయనను దొంగ అంటే నోరు తెరువడయ్యా. మంచోడు అనాలె. మస్తుగ అనాలె."

"మరి అనకపోతే?"

"అనకపోతే భూమి పోతది," అంది రిబ్కమ్మ, మజ్జిగ పోస్తూ. 

ఆమె దుకాణానికి పోయొచ్చిన సంగతి దొర పొక్కనివ్వలేదు. నెల తిరగ్గానే సమ్మయ్య ఎప్పట్లాగే వచ్చాడు. రిబ్కమ్మ ఎప్పట్లాగే మంచం వాల్చి, నీళ్ళిచ్చి, కొంగుముడి విప్పి డబ్బు చేతిలో పెట్టింది. "దొర ఏమన్నడన్నా?" అని అడిగింది. "నీ సంగతి మెచ్చుకుంటుండు చెల్లె," అన్నాడతను నోట్లు మడుస్తూ. ఆమె నవ్వింది. నవ్వుతూ వాడి చొక్కా జేబు వంక చూసింది. ఆ జేబు అంటించేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని పాలమీది మీగడలా తీసి పక్కన పెట్టుకుంది, పండుగకు పనికొస్తుందని.

పక్క వాడకట్టులో ఉండే సంతోషమ్మ మొగుడు పోయిన మనిషి. ఆమె కూడా సమ్మయ్య చేతికే కడుతోందని రిబ్కమ్మకు తెలుసు. ఒక సాయంత్రం పోయి సంగతంతా చెప్పింది. సంతోషమ్మ ముందు గుండెలు బాదుకుంది, తర్వాత రోకలి అందుకుంది. రోకలి దింపించి కూర్చోబెట్టడానికి రిబ్కమ్మకు చాలాసేపు పట్టింది.

పండుగ వచ్చింది. చర్చి ముందు పందిరి వేసి, జొన్నకంకులు, మామిడాకులు కట్టారు. హర్రాజుకు ముందు సాక్ష్యాలుంటాయి. కానుక తెచ్చినవాళ్ళు లేచి, దేవుడు తమకు చేసిన మేలు నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. ఒక్కో మేలు చెప్పగానే సంఘమంతా "స్తోత్రం" అంటుంది. సాక్ష్యం చెప్పే మనిషికి ఎవరూ అడ్డు రాకూడదు, పాస్టరయ్య కూడా రాడు. అది ఆ సంఘంలో పెద్దల నాటి కట్టుబాటు. మామూలుగా పెద్దవాళ్ళకు ఇది కునుకు తీసే సమయం.

భూపాల్‌రావు జీపును రోడ్డు మీదే ఆపి వెనకదారిన నడిచొచ్చాడు. హర్రాజు మొదలయ్యేదాకా పాస్టరయ్య ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆ ఇంటి కిటికీ పందిరి పక్కనే ఉంది, తెర వేసి ఉంది. తెర వెనక ఎవరున్నారో పాస్టరయ్యకు, ఆయన భార్యకు, రిబ్కమ్మకు, ఆమె చెప్పిన ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకున్నాడో పాస్టరయ్యకు కూడా తెలియదు.

రిబ్కమ్మ సొరకాయ చంకన పెట్టుకుని లేచింది.  ముందువరసలో సమ్మయ్య, ఇస్త్రీ చొక్కా, చేతిలో పాటల పుస్తకం. ఆమె గొంతు సవరించుకుంది.

"దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు. గీ సొరపాదు పోయినేడు ఎండిపోయింది. గీ ఏడు కాసింది. గందుకు స్తోత్రం."

"స్తోత్రం," అంది జనం, ఆవులిస్తూ.

"మేము భూపాల్‌రావు దొరకు బాకీ ఉన్నం. గది అందరికి ఎరుకే. గా బాకీల మునుగుతుంటే దేవుడు మాకు ఒక మనిషిని పంపిండు. పేరు జెప్తే ఆయనకు ఇష్టముండది. చేసింది చెప్పుకునే మనిషి గాడు. కని చెప్పకుంటే నాకు పాపం తలుగుతది. మన సమ్మన్న."

"స్తోత్రం!" ఈసారి గట్టిగా అన్నారు. సమ్మయ్య తల వంచుకున్నాడు, సిగ్గుపడ్డ మనిషి వంచుకున్నట్టు. చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి.

"ఏ నెల గూడ తప్పలే. వాన దంచికొడ్తున్నా మా ఇంటికే వచ్చి పైసలు తీస్కపోయిండు. ఒక్కనాడు గూడ, మీరే పోయి ఇచ్చుకోర్రి నాకేంది అనలే."

"స్తోత్రం!"

"మా ఆయన కాలిరిగి పన్ననాడు ఇంట్ల ఏం లేకపోయె. నా కాళ్ళ కడియాలు అమ్మి ఇచ్చిన. గవి గూడ తీస్కపోయి దొరకు ముట్టజెప్పిండు. గిసొంటి మనిషిని యాడ సూస్తం?"

ఆడవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. సమ్మయ్య కూడా తుడుచుకున్నాడు. వాడు తన మంచితనానికి తానే కరిగిపోతున్నాడు. రిబ్కమ్మ అది చూసింది. ఇప్పుడే అనుకుంది.

"అన్నా, నేను సదువురాని దాన్ని. దేవుని ముంగట తప్పు జెప్పొద్దు. జర నువ్వే దిద్దు. మొత్తం కలిపి పద్దెనిమిది వందలు అయితదేమో గద మేము నీకిచ్చింది?"

పందిరంతా సమ్మయ్య వైపు తిరిగింది. పాస్టరయ్య చిరునవ్వుతో చూశాడు. మెడలో దండ పడబోతున్న మనిషిలా లేచి నిలబడ్డాడు సమ్మయ్య.

"పద్దెనిమిది కాదు చెల్లె," అన్నాడు ప్రేమగా. "కడియాల పైసలు మర్సిపోతున్నవ్. రెండువేలు దాటింది. అంతా దేవుని దయ. నేను తీస్కపోయి చేరేసేటోన్ని మాత్రమే."

"స్తోత్రం!" అని అందరికంటే గట్టిగా అరిచి, సంతోషమ్మ కోడిని ఎత్తిపట్టుకుని లేచింది. "నాయి గూడ చెప్పన్నా! నాయి ఎన్ని?"

"నీయి ఎనిమిది వందల యాబై," అన్నాడు సమ్మయ్య, ఊపు మీదున్నాడు కాబట్టి.

అప్పుడు కిటికీ తెర పక్కకు జరిగింది. భూపాల్‌రావు చాయ్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, తలుపు తీసుకుని, పందిట్లోకి నడిచొచ్చి, హర్రాజు బల్ల పక్క కుర్చీలో కూర్చున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"చేరేసినవా సమ్మయ్యా? మంచిది. ఎవలకు చేరేసినవ్?"

సమ్మయ్య పాటల పుస్తకం చంకన పెట్టుకున్నాడు. నాకు ముట్టలేదందామంటే ఇప్పుడే దేవుని ముందు ముట్టిందని లెక్కతో సహా చెప్పాడు. దొరకిచ్చానందామంటే దొర ఎదురుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపు చెమటతో అంటుకుపోయింది. ఒక్కరూ స్తోత్రం అనలేదు. సంతోషమ్మ చంకలోని కోడి మాత్రం కొక్కొక్కో అంది.

"సరే," అన్నాడు దొర. "రిబ్కమ్మ రెండువేలు, గీమెయి ఎనిమిది వందల యాబై, నాకు ముట్టినట్టే. వాళ్ళ బాకీల కొట్టేస్తున్న. ఇగ గవి నీ మీద బాకీ. మిత్తి సంగతి నీకు నేను చెప్పే పనిలేదు, గిన్నేండ్లు నా తరపున నువ్వే గద చెప్పినవ్." తర్వాత రిబ్కమ్మ వైపు చూశాడు. "మిగిలింది పత్తిల కట్టుకో. భూమి జోలికి రాను."

రిబ్కమ్మ కూర్చోలేదు. సొరకాయ తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. హర్రాజు పాడించే ముసలాయనకు లోకం తలకిందులైనా తన పని తనదే. అలవాటు కొద్దీ, "సొరకాయ! సమ్మయ్యా, ఎంత?" అన్నాడు.

"పాడన్నా," అంది రిబ్కమ్మ. "దేవుని కాయ."

సమ్మయ్య ఆమె చూపును తట్టుకోలేక పందిరి వెనకనుంచి వెళ్ళిపోయాడు. లూనా కూడా మర్చిపోయాడు. సొరకాయను తోమాసు రెండు రూపాయలకు పాడాడు. అతను నలుగురి ముందు నోరు తెరిచి పెద్దగా మాట్లాడింది ఆ రోజే.

వారం తిరక్కుండా సమ్మయ్య రిబ్కమ్మ వాకిట్లో నిలబడ్డాడు. నడిచొచ్చాడు, బండి అమ్మేశాడు. రిబ్కమ్మ మంచం వాల్చలేదు. నీళ్ళూ ఇవ్వలేదు. పొట్టు చెరుగుతూ చేట ఆపలేదు.

"చెల్లె, నీ మాట దొర ఇంటుండు. నాకు ఆ గడప తొక్క మొకం లేదు. జర నువ్వే మధ్యల ఉండి..." అని ఆగాడు. చేతిలో బండి అమ్మిన నోట్లున్నాయి. రెండు చేతులా పట్టుకుని చాపాడు, రిబ్కమ్మ రెండేళ్ళు చాపినట్టే.

ఆమె చేట కింద పెట్టింది. ఏ మాట అనాలో వెతుక్కోవలసిన పనే లేదు. అది ఆమె కడుపులో రెండేళ్ళుగా ఉంది.

"నువ్వు జర ఫికర్ చెయ్యకన్నా. దొరతోని నేను మాట్లాడుత. నెలనెల నీకు చేతనైనంత నా చేతుల పెట్టు, నేను చేరేస్త. కని ఒక్క ముచ్చట. నువ్వు మాత్రం దొరకు కండ్లవడొద్దు. బజార్ల కనవడితే పక్కకు జరుగు. ఎదురువడితే దాసుకో."

సమ్మయ్యకు ఆ మాటలు ఎక్కడివో తెలుసు. మొహం నల్లబడింది. అయినా తల ఊపాడు. దొర నిజంగానే మొత్తం ఒక్కసారే కట్టమంటే వేరే దారి లేదు మరి.

రిబ్కమ్మ ఆ డబ్బు మింగిందని ఎవరూ అనుకోవద్దు. అందిన రోజే దుకాణానికి పోయి, బల్ల మీద పెట్టి, రసీదు తెచ్చుకునేది. ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. ఆమెకు కావలసింది రూపాయి కాదు. చేలో పనిచేస్తుంటే రోడ్డు మీద జీపు చప్పుడయ్యేది. కాలవగట్టున నడిచిపోతున్న సమ్మయ్య ఒక్క ఉరుకున తుమ్మచెట్టు చాటుకు పోయి, పంచె ముళ్ళకు చిక్కి, అక్కడే కూలబడేవాడు. జీపులో తరచుగా డ్రైవరు ఒక్కడే ఉండేవాడు. రిబ్కమ్మ పత్తి ఏరడం ఆపి, నడుము మీద చేతులు పెట్టుకుని, అదంతా తీరిగ్గా చూసేది. ఆ పూట ఆమెకు అన్నం రుచిగా ఉండేది.

బాకీలున్న మిగతావాళ్ళు ఇప్పుడు ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మా పైసలు కూడా నువ్వే చేరెయ్యి అని కొంగులు విప్పేవాళ్ళు. "నా చేతికియ్యకుర్రి," అనేది. "నా ఎంబడి రార్రి. ఆయనకున్నది ముక్కే, మనకున్నది ముక్కే. మీరే ఇచ్చి మీరే రసీదు తెచ్చుకోర్రి." అట్లా నలుగురిని వెంటబెట్టుకుని దుకాణం మెట్లెక్కించేది. ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పింది. సమ్మయ్యకు తప్ప.

"పాపం ఇగ చాలుగదనే," అనేవాడు తోమాసు.

"మా అవ్వ చాలు అన్నదా?" అనేది ఆమె. తోమాసు బీడీ ముట్టించుకుని బయటికి పోయేవాడు.

మరుసటి ఏడు వానలు పడ్డాక ఒక రోజు భూపాల్‌రావు, సమ్మయ్య బాకీ తీరిపోయిందనీ ఆ మాట అతనికి చెప్పమనీ అన్నాడు. రిబ్కమ్మ సరేనంది. చెప్పలేదు. ఆ నెల సమ్మయ్య డబ్బు తెస్తే, "గిప్పుడు వద్దులే, దొర ఊళ్ళె లేడు," అని వెనక్కి పంపింది. పండుగ దాకా ఉరకనీ, అప్పుడు చూద్దాం అనుకుంది.

అట్లా ఉండగా ఒక పొద్దున ఆదిలాబాద్ అంగడికి చిక్కుడుకాయల గంప పెట్టుకుని ఇచ్చోడలో బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. గంప కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బయట హోటలు ముందు, అదే కుర్చీలో, భూపాల్‌రావు చాయ్ తాగుతున్నాడు. వెనక సోడా పెట్టెల మధ్య నుంచి తెల్లచొక్కా మోచెయ్యి ఒకటి బయటికి కనబడుతోంది.

రిబ్కమ్మ బాగా చూసింది. సమ్మయ్యే. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతనికి బస్సు కనబడుతోంది, దొర కనబడుతున్నాడు, మధ్యలో దాటడానికి దారి లేదు. అదే చోటు, అవే పెట్టెలు. ఆమె కడుపు నిండిపోయింది. ఇంతకన్నా దేవుడు తనకేం చూపిస్తాడు? కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

కదిలినప్పుడు సమ్మయ్య కాస్త లేచాడు. అప్పుడు కనబడింది అతని చేతిలోని టిఫిన్ గిన్నె. అతని భార్య కడుపులో గడ్డ తీయించుకుని ఆదిలాబాద్ ఆసుపత్రిలో పడి ఉంది, అతను రోజూ అన్నం మోసుకుపోతున్నాడు. ఊరంతటికీ తెలిసిన సంగతే. రిబ్కమ్మకూ తెలుసు. ఆ భార్య తనకేం చేసింది? అక్కడ మంచం మీద పడుకుని, తలుపు దిక్కు చూస్తూ, మనిషి ఇంకా రాడేమని అడుగుతూ ఉంటుంది. గోడకు నిలబెట్టిన మంచం రిబ్కమ్మ కళ్ళ ముందుకొచ్చింది. తన మీద తనకే మండింది. సమ్మయ్య మీద ఇంకా మండింది, తన చేత ఇంత పని చేయిస్తున్నందుకు.

బస్సు రేకు మీద దబదబా చరిచింది. "ఆపయ్యా! ఆపు!" బస్సు ఆగింది. రిబ్కమ్మ తల కిటికీలోంచి బయటికి పెట్టి, బస్టాండంతా వినబడేలా కేక వేసింది.

"ఓ సమ్మన్నా! సోడా డబ్బల ఎనుకకెల్లి బయటికి రా! నీ బాకీ తీరి నెలాయె! దొర నిన్నేమనడు! అవుతల నీ పెండ్లాం ఆకలికి ఎదురు సూస్తున్నది, ఉరుకు!"

బస్టాండంతా పెట్టెల వైపు తిరిగింది. హోటలువాడు నవ్వాడు, బీడీలవాడు నవ్వాడు. దొర గ్లాసు పట్టుకుని మెడ తిప్పి చూశాడు. సమ్మయ్య మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే, టిఫిన్ గిన్నె గుండెకు హత్తుకుని, తలవంచుకుని దొర ముందునుంచే నడిచొచ్చి బస్సెక్కాడు. అన్ని సీట్లూ నిండాయి. రిబ్కమ్మ పక్క ఒక్కటే ఖాళీగా ఉంది. అక్కడికొచ్చి నిలబడ్డాడు.

"నెలాయెనా?" అన్నాడు మెల్లగా.

"ఆఁ. నెలాయె."

అతను ఖాళీ సీటు వంక చూశాడు. "కూసోవచ్చా చెల్లె?" అని అడిగాడు.

రిబ్కమ్మ కాళ్ళ దగ్గరున్న గంప ఎత్తి ఖాళీ సీటు మీద పెట్టింది.

"చిక్కుడుకాయలు నలుగుతయన్నా," అంది, కిటికీ వైపు తిరిగి.